బూరకు ముందు

పెండ్లిళ్లలో వాయించే బ్యాండువాళ్లు ఆరు బూరలతో చేసిన మొదటి క్యాసెట్టు, రాజమల్లు పెద్దకర్మ నాడే కాశిబుగ్గకు వచ్చింది. అందులో పెద్ద బూర రాజమల్లుదే.

బ్యాండు మేస్త్రి ఉప్పలయ్య దాన్ని టేపురికార్డరులో పెట్టాడు. తమ్ముడు రాజమల్లు పోయినా అతనింతవరకూ కంట తడి పెట్టలేదు.

టేపులో డోలు ఆగింది. బూర అందుకునే ముందు గాలి గట్టిగా పీల్చిన చప్పుడు వినిపించింది.

"మైకుకు దూరం జరుగుమంటె ఇన్నడా? పాట ఖరాబు చేసిండు," అన్నాడు ఉప్పలయ్య. "డోర్నకల్ల బూరాయనతోని మళ్ల ఊదిపియ్యాలె."

రాజమల్లు భార్య మల్లక్క గడప దగ్గరి నుంచి లేచి వచ్చింది.

"బావా, జర ఎనుకకు తిప్పు."

"బూర మంచిగున్నదా?"

"బూర గాదు. గా ఊపిరి ఇనాలె."

ఉప్పలయ్య టేపు తిప్పాడు. తమ్ముడు ఊపిరి పీల్చాడు.

బూర మోగకముందే అన్న ఆపే మీట నొక్కేశాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.