ఏడో అంతస్తుకు వెళ్ళకు

"ఏడో అంతస్తుకేనా తల్లీ?"

ముసలామె రౌషన్ కోటు పట్టుకుని ఆపింది.

కజకస్తాన్‌లోని అల్మాటీ నగరంలో ఫిబ్రవరి చలి. అపార్టుమెంటు గుమ్మం పక్కన మంచు పేరుకున్న బెంచీ. దానిమీద అట్టముక్క పరుచుకుని కూర్చుని ఉందామె.

"అయితే మీకేంటి అపా?" పెద్దావిడ కాబట్టి 'అపా' అంది గానీ, రౌషన్ గొంతులో మర్యాద లేదు.

"నుదుటి ముడతలకు సూదులేగా? వద్దమ్మా. ఆ పిల్ల డాక్టరు కాదు. మూడు వారాలు ఏదో కోర్సు చదివిందంతే. ఉన్న ముఖం బాగానే ఉందిగా!"

"బాగుంటే ఇక్కడికొస్తానా? మీ నుదురు ఎండిన ఆప్రికాట్‌లా ఉన్నా మిమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. నా సంగతి అది కాదు. వదలండి!"

చెయ్యి విదిలించుకుని లిఫ్ట్ ఎక్కింది.

రౌషన్‌కి నలభై తొమ్మిదేళ్ళు. మాల్‌లో ముఖానికి రాసుకునే క్రీములు అమ్ముతుంది. శుక్రవారం మేనేజరు పిలిచి చెప్పాడు.

"ముడతలు పోగొట్టే క్రీము అమ్మే మనిషికే ముడతలుంటే ఎవరు కొంటారు చెప్పండి? సోమవారానికి ముఖం సంగతి చూసుకోండి. లేదంటే గోదాములో పెట్టెలు మోయాలి."

పెట్టెలు మోసే నడుము కాదు ఆమెది. ఇంట్లో పక్షవాతంతో మంచాన పడ్డ భర్త. ఆసుపత్రిలో సూదులు వేయించుకునే స్తోమత లేదు.

ఏడో అంతస్తులో తలుపు తీసిన ఎల్నూరాకి ముప్పై ఏళ్ళుంటాయేమో. తెల్లకోటు వేసుకుంది. వంటింట్లోనే కుర్చీ, దీపం, సూదులు.

"కింద ఎవరో పిచ్చి ముసల్ది నీ బేరాలు చెడగొడుతోందమ్మాయ్. తరిమేయరాదూ?" అంది రౌషన్.

ఎల్నూరా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"పట్టించుకోకండి. కళ్ళు మూసుకోండి."

నుదుటి నిండా చీమలు కుట్టినట్టు సూదులు. తర్వాత కనుబొమల మధ్య గీతల్లోకి, వాటిని పూడ్చే జెల్.

అంతే. కుడికంట్లో నిప్పుకణిక పెట్టినట్టయింది.

కళ్ళు తెరిచింది. కుడివైపు కిటికీ లేదు. గోడ లేదు. అంతా బూడిదే.

"నాకు కనపడట్లేదు! కుడికన్ను కనపడట్లేదే!"

"కా... కాసేపు అలాగే ఉంటుంది. ఇంటికెళ్ళి ఐసు పెట్టుకోండి." గబగబా కోటు అందించి, ఆమెను గుమ్మం దాటించి, గడియ పెట్టేసింది ఎల్నూరా.

గోడలు పట్టుకుంటూ కిందికొచ్చింది రౌషన్. ముసలామె ఒక్క ఉదుటున లేచి ఆమె ముఖం చూసింది. కనుబొమల మధ్య చర్మం సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది.

"ఏం ఎక్కించింది?"

"జెల్... ఏదో జెల్..."

"ఇక్కడే కూర్చో. కదలకు."

లోపలికి పరుగెత్తింది. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చింది. చేతిలో ఖాళీ మందు పెట్టె. తల గుడ్డ ఊడిపోయింది. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

అలాగే వెళ్ళి రోడ్డు మధ్యలో నిలబడి వచ్చే కారును ఆపింది.

"కళ్ళాసుపత్రికి పోనీ తమ్ముడూ! ఎర్ర లైటూ గిర్ర లైటూ అని ఆగావో, చూడు మరి!"

కారులో రౌషన్ తల తన భుజానికి ఆనించుకుంది.

"ఎడమ కన్ను మూసి చూడు తల్లీ. వెలుగు తెలుస్తోందా?"

"కొంచెం... మసగ్గా..."

"అయితే మించిపోలేదు. ఏడవకు. ఏడవకమ్మా."

ఆసుపత్రిలో డాక్టరు పెట్టె తిప్పి చూశాడు.

"ఇది తేవడం మంచిదైంది. ఈ రకం జెల్‌ని కరిగించే మందుంది. ఎంతసేపైంది?"

"నలభై నిమిషాలు," ముసలామే చెప్పింది.

పరుగులు. మళ్ళీ సూదులు. సాయంత్రానికి కుడికంట్లో నీడలు కదిలాయి. పక్కన ముసలామె పాలు కలిపిన టీ పట్టుకుని నిలబడి ఉంది.

ఆమెను చూడగానే రౌషన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"అన్నీ తెలుసు నీకు! దాని చదువు తెలుసు. ఏం ఎక్కించిందో అడిగి మరీ పెట్టె తెచ్చావు. నువ్వు వాళ్ళ మనిషివే! ఇలాంటివి జరిగితే నోరు మూయించడానికే నిన్నక్కడ కూర్చోబెట్టారు! పో ఇక్కణ్ణుంచి!"

ముసలామె టీ కప్పు బల్లమీద పెట్టింది.

"కన్ను నిలిస్తే చాలు తల్లీ," అని బయటికి నడిచింది.

కన్ను నిలిచింది. పూర్తిగా కాదు, ఓ పక్క మసక అలాగే మిగిలిపోయింది. ఉద్యోగం మాత్రం పోయింది.

వారం తర్వాత, ఇంటికి పంపే రోజు నర్సు అడిగింది.

"ఆ పెద్దావిడ మీకేమవుతారు? మొదటి రెండు రోజులూ వరండాలోనే కూర్చున్నారు. లోపలికి రమ్మంటే రారు. 'చూపొచ్చిందా' అని మాత్రం అడిగేవారు."

రౌషన్ తలెత్తలేకపోయింది.

ఇంటికి కూడా వెళ్ళకుండా, మిఠాయిల పెట్టె కొని, నేరుగా ఆ అపార్టుమెంటుకు వెళ్ళింది. బెంచీ మీద ఎవరూ లేరు. గుమ్మం ముందు నగీమా అనే పనిమనిషి మంచు ఊడుస్తోంది.

"ఇక్కడ కూర్చునే ఆవిడేరీ?"

"ఉమ్సిన్ అపానా? మొన్ననే వెళ్ళిపోయింది."

"ఎక్కడికి?"

"చెప్పలేదమ్మా. ఆ ఏడో అంతస్తు పిల్లను పోలీసులు తీసుకెళ్ళారు కదా. ఫిర్యాదిచ్చింది ఈవిడే. సంతకం పెట్టొచ్చి, ఇదిగో ఇక్కడే కూలబడి, గుండె పగిలేలా ఏడ్చింది. మర్నాడు మూట కట్టుకుని వెళ్ళిపోయింది."

"తనే పట్టించింది కదా! మరి ఏడవడమెందుకు?"

నగీమా ఊడవడం ఆపి ఆమెకేసి వింతగా చూసింది.

"ఎల్నూరాని కన్నది ఆవిడే కదమ్మా, ఏడవదా మరి?"