పాల్మీరా కిటికీ

"మేం ఈ కిటికీ కోసమే ఈ ఇల్లు అద్దెకు తీసుకుని బ్రాగా నుంచి లిస్బన్ దాకా వచ్చాం మామ్మగారూ. ఇప్పుడు మీరొచ్చి అడిగితే ఎలా?" అంటూ తెల్మొ తలుపు సగం మూశాడు.

ముసలామె గుమ్మంలోంచి కదల్లేదు. కింద సందులో సెయింట్ ఆంథనీ ఊరేగింపు బాజాలు దగ్గరపడుతున్నాయి.

"ఒక్క పావుగంటమ్మా," అందామె, తెల్మొ భార్య ఇనేస్ వైపు తిరిగి. "నా పేరు పాల్మీరా. పెళ్లయి వచ్చినప్పట్నుంచీ స్వామిని ఆ కిటికీలోంచే చూశాను. మొన్న చలికాలం దాకా ఇది మా ఇల్లే."

"మరెందుకు ఖాళీ చేశారు?"

"చేయించారు. ఊరు చూడ్డానికొచ్చే వాళ్లకే అద్దెకిస్తాట్ట ఓనరు." అంతలోనే నాలిక్కరుచుకుంది. "మిమ్మల్ని కాదులే తల్లీ. మీకేం తెలుసు, పాపం!"

ఆ మాట ఇనేస్‌కి చెంపదెబ్బలా తగిలింది. ఫొటోలో ఈ కిటికీ చూసి, ఇంకే ఇల్లూ వద్దని పట్టుబట్టింది తనే. భర్తను పక్కకు జరిపి, "రండి," అంది.

పాల్మీరా కిటికీ రెక్కలు తెరిచి కిందికి వంగింది. జనంలోంచి ఎవరో ఆడమనిషి కేకేసింది.

"ఒసేవ్ పాల్మీరా! మళ్లీ నీ ఇంటికి వచ్చేశావా?"

పాల్మీరా ఒక్క క్షణం తడబడింది.

"ఆఁ, వచ్చేశానే!" అని చెయ్యి ఊపింది.

తెల్మొ ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి రాబోయాడు. ఇనేస్ అతని చొక్కా పట్టుకుని గోడవారకు లాగింది.

"ఏంటే, ఊరేగింపు చూడొద్దా?"

"వద్దు," అంది ఇనేస్ గొంతు తగ్గించి. "కింద వాళ్లకి మనం కనబడకూడదు."