ఎస్కిల్ వంతు

నానమ్మ నాకూ నాన్నకూ చెరొక కాగితపు జెండా ఇచ్చి, తనొకటి పట్టుకుంది. పరీక్ష పాసై బయటికొచ్చినవాళ్ళకి ఇంటివాళ్ళు జెండాలు ఊపడం మా దేశంలో ఆనవాయితీ.

తలుపు అవతల ఆఖరి మౌఖిక పరీక్ష. అది గట్టెక్కితే మా తమ్ముడు ఎస్కిల్ చదువు పూర్తయినట్టే.

వాడి సంచీ బయట బెంచీ మీద ఉంది.

మమ్మల్ని రావద్దని నిన్న మెసేజ్ పెట్టాడు. "సిగ్గుపడుతున్నాడు," అని నానమ్మ కొట్టిపారేసింది. పరీక్ష నుంచి బయటికొచ్చిన పిల్లవాడికి ఎదురుగా ఇంటివాళ్ళు కనబడకపోతే ఎలా అంది. మా ఊరు లెమ్విగ్ నుంచి వాడు చదివే ఆర్హుస్ దాకా కారులో స్ట్రాబెర్రీ కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

"జెండాని అలా పిసికెయ్యకే. అదెక్కడికీ పారిపోదు," అన్నాడు నాన్న నాతో.

"ముందు నీ టై సరిచేసుకో," అంది నానమ్మ. "పెళ్ళినాడూ ఇంతే నువ్వు."

తలుపు తెరుచుకుంది.

ముగ్గురం జెండాలు ఊపాం. నానమ్మ హుర్రా అని అరిచింది.

బయటికొచ్చింది ఎవరో అమ్మాయి. కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది.

"పాసయ్యాను. కానీ మీరు వచ్చింది నా కోసం కాదనుకుంటా."

ఆమె వెనకే టీచరు గుమ్మంలోకి వచ్చింది.

"ఎస్కిల్ వచ్చాడా? ఇప్పుడు అతని వంతు."

నాన్న ఆమె భుజం మీంచి గదిలోకి చూశాడు. "లోపల లేడా?"

"లేడండి. కాసేపు చూస్తాం. తర్వాత రానట్టే రాసుకోవాలి."

నేను వాడికి ఫోన్ చేశాను.

వరండా చివర, టాయిలెట్ తలుపు వెనక మోగింది. మోగి, టక్కున ఆగిపోయింది.

నాన్న తన జెండా నాకిచ్చి అటు నడిచాడు. నేనూ నానమ్మా కాస్త వెనగ్గా ఆగిపోయాం.

"ఎస్కిల్."

లోపల కుళాయి నీళ్ళ చప్పుడు.

"ఒరేయ్, వాళ్ళు పిలుస్తున్నారు. మంచిగానే మాట్లాడుతున్నారు, భయపడకు."

"నువ్వు వెళ్ళిపో నాన్నా."

"ఒంట్లో బాలేదా?"

"నేనేం చదవలేదు."

"వచ్చినంతే చెబుదువు గాని."

"అది కాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడతాయి, అంతే. బుర్రలోకి ఏదీ పోదు. చలికాలం నుంచీ ఇంతే. పొద్దున లేవాలంటేనే... ఇంతకు ముందు రెండిటికీ కూడా వెళ్ళలేదు నాన్నా."

ఆ రెండు పరీక్షలూ బాగా చేశానని ఫోన్ చేసి చెప్పాడు. రెండుసార్లూ మేం ఇంట్లో కేకు కోసుకున్నాం.

నాన్న అరచెయ్యి తలుపు మీద ఆనించాడు.

"బ్లేడు లాంటిదేమైనా ఉందా నీ దగ్గర?"

నానమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

కుళాయి ఆగింది.

"లేదు. ఫోన్ ఒక్కటే."

"సరే. సరేరా."

అవతలి గుమ్మంలో టీచరు ఇంకా నిలబడే ఉంది. నాన్న ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.

"రావడం లేదని చెప్పేశాను," అన్నాడు నాన్న. "ఇక ఆ సంగతి వదిలేయ్."

ఉన్న ఒక్క సూటుతో నేల మీద కూలబడ్డాడు. వీపు తలుపుకి ఆనించి, కాళ్ళు చాపుకున్నాడు.

ఎవరో కుర్రాడు టాయిలెట్ కోసం వచ్చాడు.

"పై అంతస్తులో ఇంకోటుంది బాబూ."

"అది పాడైందండి."

"అయితే ఆ పైది చూడు."

ఆ కుర్రాడు వెళ్ళిపోయాడు. లోపల ముక్కు చీదిన చప్పుడైంది. అది ఏడుపో నవ్వో నాకు తెలియలేదు.

"నన్ను గడియ తియ్యమనవా?"

"నీ ఇష్టం. నాకు ఇక్కడ బాగానే ఉంది."

నాన్న టై వదులు చేసుకున్నాడు.

"నాన్నా."

"ఊఁ."

"బయట ఎవరెవరున్నారు?"

నాన్న మా వైపు తిరిగాడు. చేత్తో, వెళ్ళిపొమ్మని సైగ చేశాడు.

నానమ్మ ఒక అడుగు వేసింది. రాతి నేల మీద చెప్పు మడమ టక్కుమంది.

ఆగిపోయింది. నా భుజం ఊతగా పట్టుకుని వంగి, రెండు చెప్పులూ విప్పి చేత్తో పట్టుకుంది. మేజోళ్ళతో, అడుగులో అడుగు వేసుకుంటూ మెట్ల వైపు నడిచింది. నేను ఆమె వెనకే.

"నేనొక్కణ్ణేరా," అన్నాడు నాన్న.