టైర్ల షాపులో ప్లాస్టిక్ కుర్చీ

"అంత మోటు గ్రిప్పు టైర్లు నీకెందుకు బాబూ?"

లెక్చరర్ వెనక్కి తిరిగి చూశాడు. టైర్ల షాపు గుమ్మం పక్కన నీలం ప్లాస్టిక్ కుర్చీలో ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. చొక్కాకి పై గుండీ లేదు.

"మీరు షాపు వాళ్ళా?"

"కాదు. ఊరికే కూర్చుంటాను."

ఊరికే కూర్చునేవాళ్ళ సలహాలంటే లెక్చరర్‌కి ఒళ్ళు మంట. మూడు వారాలపాటు వీడియోలు చూసి మరీ తన ఎస్‌యూవీకి ఈ టైర్లు ఎంచుకున్నాడు. తారు రోడ్డు మీదా పోవాలి, ఇసుకలోనూ పోవాలి. వాగు అవతల తోటలో ఇల్లు కట్టుకున్న బావమరిది, "మీ బండి కాలేజీకీ, కూరగాయల బజారుకే బావా, మా ఇంటిదాకా రాదు" అన్న దగ్గర్నుంచీ అతనికి అన్నం సహించడం లేదు.

"వారంలో ఆరు రోజులు తారు రోడ్డేగా. మధ్యరకం గ్రిప్పు చాలు," అన్నాడు పెద్దాయన. "ఏ టైరైనా సరే, ఇసుకలోకి దిగేముందు సగం గాలి తీసెయ్యి. ముప్పై ఆరు ఉంటే పద్దెనిమిదికి దించు."

"గాలి తీసేసి తిరిగే మాటైతే కొత్త టైర్లెందుకండీ?"

షాపతను నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

"దిగబడితే ముందుకు తొక్కకు. వచ్చిన జాడలోనే వెనక్కి రా."

"అయ్యా, నేను పదిహేనేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. నాకు మీరు చెప్పకండి."

పెద్దాయన అతన్ని వదిలేసి, పక్కన కూర్చున్న లెక్చరర్ అత్తగారికి అదే పాఠం మొదటినుంచీ అందుకున్నాడు. మోకాలి డాక్టరు దగ్గర్నుంచి ఇంటికి వెళ్తూ అల్లుడితో ఇక్కడ ఇరుక్కుపోయింది ఆవిడ. వినకపోతే బావుండదని విన్నది.

ఇల్లు చేరగానే లెక్చరర్ ఫోన్లో షాపుకి రెండు స్టార్లు ఇచ్చాడు. 'టైర్లు బాగున్నాయి. గుమ్మంలో ముసలాయన నస భరించలేం. ఇలాంటివాళ్ళని కూర్చోబెడితే బేరాలు పోతాయి' అని రాసి పడేశాడు.

ఆదివారం మధ్యాహ్నం బండి వాగు మధ్యలో, జానెడు నీళ్ళ కింద ఇసుకలో దిగబడి ఆగిపోయింది.

చెప్పకుండా వెళ్ళి బావమరిది మొహం ఎలా ఉంటుందో చూడాలని సరదా. అందుకే వీళ్ళు వస్తున్నట్టు ఎవరికీ తెలీదు. ఫోన్లో సిగ్నల్ లేదు.

లెక్చరర్ గట్టిగా తొక్కాడు. టైర్లు గిర్రున తిరిగి ఇసుక తవ్వుకున్నాయి. ఇంకోసారి తొక్కాడు. బండి అడుగు ఇసుకకి ఆనింది.

కొండల మీద ఉరుముతోంది. నీళ్ళు మట్టిరంగుకి తిరిగాయి.

"ఏవండీ, నీళ్ళు పెరుగుతున్నాయి," అంది భార్య.

"నీకలా అనిపిస్తోందిలే."

"తలుపు సందులోంచి వస్తున్నాయండీ!"

అతను దిగి చూశాడు. కాలు మోకాలిదాకా కూరుకుపోయింది. లాక్కుని మళ్ళీ లోపలికి ఎక్కాడు. నడవలేని అత్తగారు, నాలుగేళ్ళ పాప. ఏ గట్టు చూసినా రెండు వందల గజాలు. ఎవర్ని ఎత్తుకుని, ఎవర్ని వదిలి వెళ్ళాలి?

పాప ఏడుపు అందుకుంది.

"కోప్పడనంటే ఓ మాట బాబూ," అంది అత్తగారు.

"చెప్పండత్తయ్యా."

"ఆ పెద్దాయన గాలి తీసెయ్యమన్నాడు కదా. పిన్నుతో నొక్కి, టైరుకి రెండు వందలు లెక్కపెడితే చాలన్నాడు."

ఆవిడ తలలోంచి పిన్ను తీసి అందించింది.

మెత్తబడ్డ టైరు వెడల్పుగా పరుచుకుంటుంది. బరువు పంచుకుంటుంది. ఒత్తిడి తగ్గుతుంది. బోర్డు మీద బొమ్మ గీసి ఏటా చెప్పే పాఠమే. తన బండికీ అదే వర్తిస్తుందని ఒక్కనాడూ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

బండి పట్టుకుని వేలాడుతూ ఒక్కో చక్రం దగ్గరా వంగాడు. అత్తగారు కిటికీలోంచి పైకి లెక్కపెట్టింది. నాలుగో టైరుకి వచ్చేసరికి వాల్వు నీళ్ళలో మునిగింది. తడిమి పట్టుకుని నొక్కాడు. బుడగలు వచ్చాయి.

"నూట తొంభై తొమ్మిది, రెండు వందలు! ఎక్కు బాబూ!"

"ముందుకేనా?" అంది భార్య.

"వెనక్కి," అన్నాడు.

బండి మూలిగింది. జానెడు కదిలింది. తరవాత తను తవ్వుకున్న గోతిలోంచి మెల్లగా పైకెక్కి, వచ్చిన జాడ పట్టుకుని గట్టు చేరింది. కాసేపటికి ఆ జాడ మీద నుంచి నిలువెత్తు నీళ్ళు పారాయి.

పాపని ఒళ్ళో పెట్టుకుని లెక్చరర్ అందరి ముందూ ఏడ్చాడు.

సోమవారం పొద్దున్నే పళ్ళ సంచీతో షాపుకి వెళ్ళాడు. గుమ్మం పక్కన కుర్చీ లేదు. గచ్చు మీద దాని కాళ్ళ గుర్తులు నాలుగు ఉన్నాయి.

"పెద్దాయన ఇంకా రాలేదా?"

"ఇక రారండి," అన్నాడు షాపతను. "ఆయన వల్ల బేరాలు పోతాయని ఎవరో ఫోన్లో రాశారు. భయపడి శనివారం కుర్చీ తీసేశాను. టీ గ్లాసు కడిగి పెట్టి వెళ్ళిపోయారు. మనసొప్పక నిన్న ఇంటికి వెళ్తే తాళం. ఎటు వెళ్ళారో పక్కవాళ్ళకీ తెలీదట."

రాసింది తనేనని చెప్పడానికి లెక్చరర్‌కి ధైర్యం చాల్లేదు.

"తోటల వాగులో దిగబడ్డాం. ఆయన మాటే మమ్మల్ని బతికించింది. ఎవరండీ ఆయన?"

తోటల వాగు పేరు వినగానే షాపతని మొహం మారిపోయింది.

"ఈ షాపు ఆయనదేనండీ. నాకు ఇచ్చేసేటప్పుడు, ఆ కుర్చీ ఒక్కటీ ఉండనివ్వమన్నారు," అన్నాడు. "ఆరేళ్ళ కిందట కొడుకూ కోడలూ అదే వాగుకి బయల్దేరి తిరిగి రాలేదు, ఆ పొద్దున వాళ్ళ బండి నాలుగు టైర్లకీ గాలి గట్టిగా కొట్టి పంపింది ఆయనే."