నెమలి చచ్చిన నాటకం

అడవిలో పాత నాటకం మళ్ళీ వేస్తున్నారంటే గోరింక పొంగిపోయింది. కొడుకు శవం మీద పడి ఏడ్చే తల్లి వేషం దానిది. కొడుకు వేషం మాత్రం వానల్లో ఆడి పేరు తెచ్చుకున్న నెమలికిచ్చారు.

నెమలి పద్యాన్ని అపశ్రుతిలో పాడి, నేలకొరిగి చచ్చింది. గోరింక ఏడుపు అందుకోగానే పక్షులన్నీ "వన్స్ మోర్!" అని అరిచాయి. శవం చటుక్కున లేచి పింఛం విప్పింది.

"గొంతు సంగతి వదిలేయండి, ఆ పింఛం చూడండి!" అంది నాటకాల బాగోగులు తేల్చే కాకి.

గోరింకకు ఒళ్ళు మండింది. "చచ్చినవాడివి చచ్చినట్టు పడుండరా! ఈ తల్లి ఏడుపు కోసమే కదరా నాటకం!"

"వీళ్ళంతా నా కోసం వచ్చారత్తా," అంది నెమలి.

"అయితే నీ శవం మీద నువ్వే పడి ఏడువు," అని గోరింక వేదిక దిగిపోయింది.

అదీ నాటకంలోదే అనుకుని పక్షులు మళ్ళీ "వన్స్ మోర్!" అన్నాయి. గోరింక వెనక్కి తిరగలేదు.