అయిదు సాయంత్రాల చీకటి

"ముత్తప్పన్నా, ఆ బల్బులు ఆర్పేయండి!"

చైత్ర పక్క మిద్దె దిగి పరుగున వచ్చింది. అత్తిముగం ఊరి చివర ముత్తప్ప చామంతి తోటలో సాయంత్రం ఆరున్నరకే మూడు వందల బల్బులు వెలిగాయి. రాత్రయిందని చామంతికి తెలియకూడదు. తెలిసిందా, ఎదగడం మాని మొగ్గ తొడుగుతుంది. అందుకే ఆ చుట్టుపక్కల చామంతి వేసినవాళ్లంతా తోటకు దీపాలు పెడతారు.

ముత్తప్ప వసారాలో కూర్చుని రాగి గంజి చల్లారుస్తున్నాడు. పక్కన మంచం మీద అతని భార్య సుబ్బక్క కంబళి కప్పుకుని తోటవైపు తిరిగి పడుకుంది. నెల రోజులుగా ఆమెకు ఒంట్లో బాగాలేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు ముత్తప్ప. గొంతులో కోపమూ లేదు, ఆత్రమూ లేదు.

"ఆకాశంలో చుక్క పేలిందన్నా! సరిగ్గా మీ తోట నెత్తిన. ఈ వెలుతుర్లో నాకేమీ కనపడటం లేదు."

చైత్ర హోసూరులో కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెబుతుంది. ఇక్కడైతే చీకటి బాగుంటుందని మిద్దె బాడుగకు తీసుకుని టెలిస్కోపు పెట్టుకుంది. పాపం, తోటలకు దీపాలుంటాయని ఎవరూ చెప్పలేదు.

"చుక్క పేలితే మనం చేసేదేముండాది?"

"అది ఒక చుక్క కాదన్నా, జంట. చిన్నది పెద్దదాని ఒంట్లోంచి కొంచెం కొంచెంగా లాక్కుంటా ఉంటుంది, ఏండ్లకేండ్లు. మోయలేనంత అయినాక భగ్గుమంటుంది. నోవా అంటారు. కొన్ని నోవాలు నెలల తరబడి వెలుగుతాయి. ఇది అట్లా కాదు, శానా తొందర. మొన్న కనిపించింది, రోజుకు సగం తగ్గిపోతా ఉండాది. అయిదు దినాలు దాటితే నాకు అందదు."

"మళ్లీ రాదా?"

"వస్తుందేమో, వేల ఏండ్లకు! అప్పటికి మనం యాడ ఉంటాం? ఉన్నప్పుడే చూసుకోవాల."

ముత్తప్ప గంజి గిన్నె కింద పెట్టాడు.

"మనకు చీకటైనప్పుడు అమెరికాలో చూసేవాళ్లకు పగలన్నా. ఈ మూడు గంటల్లో దాని వెలుగెంతో నేను రాయకపోతే, లెక్కల్లో ఆ చోటు ఖాళీగానే ఉండిపోతుంది. తొమ్మిదిన్నరకు అది మునిగిపోతుంది, ఆ తర్వాత మీరు..." అని చైత్ర నాలుక కరుచుకుంది. తోట కరెంటు పదింటికే పోతుంది. ఆ అరగంట వెలుతురు చామంతికి ఏ మూలకు?

ముత్తప్ప లేచాడు. స్విచ్చు బోర్డు పక్క మేకుకు వేలాడుతున్న కృష్ణగిరి ఆసుపత్రి కవరును పక్కకు జరిపాడు. తర్వాత టక్కున స్విచ్చు నొక్కి దీపాలు ఆర్పేశాడు.

చైత్ర ఆనందం పట్టలేక దండం పెట్టి, మళ్లీ మిద్దె మీదికి పరుగు తీసింది. చదువుకున్నవాళ్ల తొందర అలాగే ఉంటుంది. ఎందుకు ఒప్పుకున్నారని అడగనే లేదు.

మూడోనాడు పక్క తోట వెంకటరామప్ప గట్టు మీదనుంచే అరిచాడు.

"ఏమప్పా ముత్తప్పా, పిచ్చి గానీ పట్టిందా నీకు? ఇంగా నెల దినాలు దీపాలు ఎలగాల. ఇప్పుడే ఆర్పేస్తే శివరాత్రికే పూసేసి రాలిపోతాయి. ఉగాదికి కాడలు కోసుకుంటావా?"

"అయిదు దినాలేలేప్పా," అన్నాడు ముత్తప్ప.

"నవ్వుతారప్పా ఊర్లో! చుక్కల కోసం పంట చెడగొట్టుకునేవాణ్ణి నిన్నే చూసినాను."

ముత్తప్ప ఆ అయిదు సాయంత్రాల్లో ఒక్కసారి కూడా తలెత్తి ఆకాశంకేసి చూడలేదు. సుబ్బక్కకు గంజి తాగించాడు, మూతి తుడిచాడు, చీకట్లో తోటవైపు చూస్తూ కూర్చున్నాడు.

నాలుగోనాడు సుబ్బక్కే పలకరించింది.

"చైత్రమ్మా, ఎట్లుండాది నీ చుక్క?"

"తగ్గిపోతా ఉండాదక్కా."

"కంటికి ఆనినంత దాంకా చూసుకో తల్లీ," అని సుబ్బక్క తోటవైపు చెయ్యి చూపించింది. "ఆ నారంతా నేనే నాటినాను, తెలుసునా? ఒక్క మొక్క కూడా ఇంగొకరి చేత నాటించలే."

అయిదో సాయంత్రం చుక్క లీలగా కనబడి పోయింది. ఆరోనాడు ఎంత వెతికినా లేదు. చైత్రకు దక్కవలసింది దక్కింది. అయిదు రోజుల వెలుగు తరుగుతూ తరుగుతూ పోయిన తీరంతా ఆమె కంప్యూటర్లో భద్రంగా ఉంది. హోసూరు నుంచి తెచ్చిన మైసూర్ పాక్ పొట్లం పట్టుకుని, ఇక దీపాలు వేసుకోండని చెప్పడానికి కిందికి దిగింది.

ఏడు దాటింది. తోట చీకటిగానే ఉంది.

"అన్నా, అయిపోయింది నా పని! దీపాలు వేయలేదేమి?"

ముత్తప్ప మరిచిపోయాడేమోనని ఆమే స్విచ్చు మీద చెయ్యి వేసింది.

"వద్దమ్మా," అన్నాడు ముత్తప్ప.

"అయ్యో, ఏమన్నా మీరు! అయిదు దినాలే కదా నేనడిగింది? వెంకటరామప్పన్న చెప్పింది వినలేదా? ఇట్లాగే వదిలేస్తే శివరాత్రికే పూసేస్తాయంట. ఉగాది పంట పోతుంది. నా వల్ల మీకు నష్టం రాకూడదన్నా!" చైత్ర కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నీ వల్ల కాదులే. నువ్వొచ్చి అడిగేదానికి ముందునుంచే ఆర్పేద్దామని ఉండాది. చెయ్యి రాలే."

"ఎందుకన్నా?"

ముత్తప్ప మంచం వైపు చూశాడు. సుబ్బక్క తోటకేసి తిరిగి నిద్రపోతోంది. అతను జారిన కంబళి ఆమె భుజం దాకా లాగి, మార్కెట్ ధర చెప్పినంత మామూలుగా అన్నాడు.

"ఉగాదికి పూస్తే చూసేదెవరమ్మా? డాక్టరు దీనికి శివరాత్రి దాంకానే చెప్పినాడు."