అలుగు గోళ్లు

సింహానికి రాగి గద్దె మీద కూర్చోవాలని బుద్ధి పుట్టింది. మంత్రి నక్క అడవిలోకెల్లా ఎత్తైన గుట్టను చూపించి, "ఇంత గొప్ప గుట్ట కింద రాగి లేకుండా ఎలా ఉంటుంది?" అంది. తవ్వే పని, ఒళ్లంతా పొలుసులు, పొడవాటి గోళ్లు ఉన్న ముసలి అలుగు నెత్తిన పడింది.

అలుగుకు ఒళ్లు మండింది.

"మహారాజా, ఈ గుట్ట అడుగుదాకా ఒకటే బండ. ఎక్కడా పగులు లేదు. రాగి వచ్చేది నేల లోలోతుల్లోంచి. అక్కడ మరిగే నీళ్లు దాన్ని పైకి మోసుకురావాలంటే దారి ఉండాలి. ఆ దారి అదిగో, ఆ బోడి మైదానం కింద ఉంది. ఎప్పుడో నేల అక్కడ నిలువునా చీలింది. ఎండాకాలం చెదలు తడిమట్టి కోసం ఆ చీలికలోకే దిగుతాయి. అవి కట్టిన పుట్ట చూడండి, నిండా ఆకుపచ్చటి రాగి చిలుమే!"

నక్క పగలబడి నవ్వింది. "చెదలు తిని బతికేదానికి పుట్ట తప్ప ఇంకేం కనిపిస్తుంది?"

సభంతా నవ్వింది. సింహమూ నవ్వింది.

అలుగు కోపం దిగమింగుకుని మూడేళ్లు గుట్టను తవ్వింది. రాయి తప్ప ఏమీ రాలేదు. చివరికి విసిగిపోయిన సింహం మైదానానికి వచ్చి పుట్టను గీరింది. పంజాకు ఆకుపచ్చటి చిలుము అంటింది.

"నేను ముందే అనుకున్నా మహారాజా," అంది నక్క. "ఏయ్ అలుగూ, ఇక్కడ తవ్వు!"

అలుగు ముందుకాళ్లు రెండూ నక్క మొహం ముందు చాపింది. వాటికి ఒక్క గోరు కూడా మిగల్లేదు.

"నీ గోళ్లు బాగానే ఉన్నాయిగా," అంది. "నువ్వు తవ్వు."